సొంతమనిషి గీత

జెర్విన్ గీసే బొమ్మల్లో మనుషులు నిలువు గీతలు. ప్రకటన ఇచ్చేవాడికొక గీత. ఇంటర్వ్యూ చేసేవాడికొకటి. టికెట్ కొనేవాడికి, వ్యాన్ డ్రైవరుకి, అందరికీ తలా ఒకటి. వాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే మాటలు అడ్డంగా సాగే బాణాలు. పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే, ఏ పని తర్వాత ఏ పనో పసిపిల్లలకైనా తెలిసిపోతుంది. సీక్వెన్స్ డయాగ్రమ్ అంటారు. మనీలాలో ఉన్నప్పుడు ఒక బ్యాంకుకి ఇవే గీసేవాడు. ఇప్పుడు కంబోడియాలో, సముద్రం ఒడ్డున ఒక కాల్ సెంటర్‌కి గీస్తున్నాడు.

అన్ని గీతలూ బాగానే ఉన్నాయి. ఉద్యోగంలో చేరాల్సిన మనిషి గీత మాత్రం సగంలో తెగిపోతోంది.

"ప్రకటన చూస్తున్నారు, ఇంటర్వ్యూకి వస్తున్నారు, టికెట్టూ పుచ్చుకుంటున్నారు," అన్నాడు మేనేజర్ హెంగ్, పొద్దుతిరుగుడు గింజలు కొరికి తొక్కలు కీబోర్డు పక్కనే ఊస్తూ. "తీరా మనీలా ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ లైన్లో నిలబడ్డాక వెనక్కి పోతున్నారు. మీవాళ్ళకి అంత పిరికితనం ఏంటయ్యా?"

"పిరికితనం కాదు సార్. లైన్లో నిలబడగానే ఇంటికి ఫోన్ చేస్తారు. ఏ పిన్నో, అత్తో 'ఎందుకొచ్చిన దేశాలే, వచ్చెయ్' అంటుంది. అంతే."

"మరి నీ బొమ్మలో ఆ పిన్ని ఏదీ?"

జెర్విన్ కంపెనీ మనుషులనే గీశాడు తప్ప, ఇంట్లో కూర్చుని చక్రం తిప్పే పిన్ని సంగతి అతనికి తట్టలేదు. ఈ బొమ్మలు గీసేవాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. ఆఫీసు గోడ దాటి చూడరు.

అతనికి కావలసింది ఒక్కటే. ఇంటికి వెళ్ళాలి. ఫిలిప్పీన్స్‌లో, సొంతూరు ఇలోయిలోలో భార్య అర్లీన్ ఆడపిల్లను కన్నది. ఆ పిల్లను అతను ఇంతవరకు ఎత్తుకోలేదు. అతను లేడని బాప్తిస్మం కూడా వాయిదా వేస్తూ వచ్చారు. ఇంకోసారి వేస్తే ఫాదర్ ఊరుకున్నా అత్తగారు ఊరుకోదు.

వెళ్తానని అడిగితే హెంగ్ నవ్వాడు.

"ఉత్త పుణ్యానికి వెళ్తావా? నీ బొమ్మ పనిచేస్తుందని చూపించి వెళ్ళు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. ఒక్క మనిషిని ఆ లైను దాటించి ఇక్కడికి రప్పించు. ఆ రోజే నీ పాస్‌పోర్టు నీ చేతిలో పెడతా."

జెర్విన్ మళ్ళీ తెర ముందు కూర్చున్నాడు. కొత్త గీత ఒకటి దించి, దానికి 'సొంతమనిషి' అని పేరు పెట్టాడు. ఇమిగ్రేషన్ లైను దగ్గర, పిన్నికి ఫోన్ వెళ్ళే లోపే, ఆ గీత మీదనుంచి ఒక బాణం వేశాడు. ముందే ఇక్కడ పనిచేస్తున్న బంధువు చేసే ఫోన్ అది. తనవాళ్ళ సంగతి అతనికి తెలుసు. కంపెనీ పిలిస్తే సవాలక్ష అనుమానాలు. చుట్టం పిలిస్తే మారుమాట ఉండదు. పోనంటే ఆ చుట్టం ముఖం చిన్నబోతుంది కదా!

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మలో తప్పులు వెతికి, ఏమీ లేవని తేల్చింది.

"భేష్," అన్నాడు హెంగ్. "ఆ సొంతమనిషివి నువ్వే. ఇంతకీ ఎవర్ని పిలుస్తావు?"

జెర్విన్ తన మరదలు, అర్లీన్ చెల్లెలు మేలిన్ పేరు చెప్పాడు. నర్సింగ్ చదువు మధ్యలో మానేసి, బజార్లో నూడుల్స్ కొట్టులో గిన్నెలు కడుగుతోంది. పనికి, పెద్దవాళ్ళ మాటకి ఎదురుచెప్పని పిల్ల.

అనుకున్న రోజున, అనుకున్న చోటుకే ఫోన్ వెళ్ళింది.

"నువ్వున్నావు కాబట్టి వస్తున్నా బావా," అంది మేలిన్, చుట్టూ జనం గోలలో గొంతు పెంచి. "అమ్మేమో వద్దని ఒకటే పోరు. నిజం చెప్పు, బాగుంటుందా అక్కడ?"

హెంగ్ పక్కనే కూర్చుని గింజలు కొరుకుతున్నాడు.

"బాగుండకపోతే నిన్ను పిలుస్తానా, పిచ్చిమొహమా?"

"అన్నం పెడతారా? రొట్టెముక్కలు మొహాన కొడతారా?"

"మూడు పూటలా అన్నమే."

"ఎండుచేపలో?"

"నువ్వు తెస్తే ఉంటాయి. లైన్ కదులుతోందా? పద, పద. అత్తయ్యతో నేను మాట్లాడతాలే."

లైన్ కదిలింది. గీత తెగలేదు.

వ్యాన్ దిగి, మేలిన్ ఎండుచేపల పొట్లంతో సహా నవ్వుతూ వచ్చింది. పాప ఫొటో తీసి ఇచ్చింది.

"అచ్చం నీ ముక్కే బావా. పెళ్ళెలా అవుతుందో పాపం!"

జెర్విన్ ఫొటో వంకే చూశాడు. మరదలి ముఖం వంక చూడలేకపోయాడు. హెంగ్ మాత్రం మాట మీద నిలబడ్డాడు. బీరువా తీసి పాస్‌పోర్టు చేతిలో పెట్టాడు.

"అప్పుడే బయల్దేరావా? మరి నాకు పనెవరు నేర్పుతారు?" అంది మేలిన్.

"వీళ్ళే నేర్పుతారు. బాప్తిస్మం కానిచ్చుకుని వచ్చేస్తా."

"పాపకి తెల్ల గౌను నేనే పంపిస్తానని అక్కతో చెప్పు. నువ్వు కొనేసి నా పేరు చెడగొట్టకు."

అతను వెనక్కి తిరగకుండా తల ఊపాడు. గేటు దాటేదాకా ఆమె చెయ్యి ఊపుతూనే ఉంది. తర్వాత వెళ్ళి అతని కుర్చీలో కూర్చుంది.

పక్క కుర్చీలో ఉన్న నడివయసు ఆవిడ చెవుల మీదనుంచి హెడ్‌ఫోన్ తీసి, మేలిన్‌ని ఎగాదిగా చూసి, గొంతు బాగా తగ్గించి అడిగింది:

"రోజూ తన్నులు తినే ఈ చెరలోంచి ప్రాణంతో బయటపడాలంటే మీ బావ నిన్ను తెచ్చినట్టే నువ్వూ బదులుగా సొంతమనిషినొకర్ని తెచ్చి అప్పజెప్పాలి గానీ, నీకు చెల్లెళ్ళెవరైనా ఉన్నారా అమ్మా?"