తాత రక్తం

"గుండ్రాయిలా నేనుండగా, నా మనవడికి ఊరూ పేరూ తెలియనివాడి రక్తం ఎక్కిస్తారా?"

తాత కేక పిల్లల వార్డు ఆ చివరి దాకా వినిపించింది. మంచం మీద ఐదేళ్ల మనవడు పసుపు ముద్దలా సోలిపోయి ఉన్నాడు. పొద్దున వాడి మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది.

"అరవకండి పెద్దాయనా," అంది డాక్టరమ్మ, వాడి చేతికి సూది గుచ్చుతూనే. "వీడికి పుట్టుకతోనే ఒంట్లో ఒక ఎంజైము తక్కువ. బట్టల పెట్టెలో కలరా ఉండని పిప్పరమెంటు అనుకుని చప్పరించాడు. ఎర్ర కణాలు పటపటా పగిలిపోతున్నాయి. మీ రక్తం పరీక్షించేదాకా ఆగలేను. కింద బ్లడ్ బ్యాంకుకెళ్లి కాస్త ఇచ్చి రండి, మంచిదైతే రేపటికి పనికొస్తుంది."

"మంచిదైతేనా? అరవై ఏళ్లొస్తున్నా బీరువాని ఒక్కణ్ణే మేడెక్కిస్తాను!"

"సరే, ముందు మెట్లు దిగండి."

తాత చొక్కా చేతులు మడుచుకుని గొణుక్కుంటూ దిగాడు.

మర్నాటికి పిల్లాడి పెదాలకు రంగొచ్చింది. నర్సు వాడి మూత్రం సీసాని కిటికీ వెలుగులో ఆటల్లో గెల్చుకున్న కప్పులా పైకెత్తి, "చూశారా, నిమ్మరసం రంగు!" అని అరిచింది. పక్క మంచాల తల్లులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకి వాడు కళ్లు తెరిచి, "నా బిస్కెట్ ఎవరు తిన్నారు?" అన్నాడు. వార్డంతా ఘొల్లున నవ్వింది.

వాళ్లమ్మ ఒక్కతే నవ్వలేదు.

"పుట్టుకతో వచ్చిందన్నారు. మందులతో పోతుందా?"

"పోదమ్మా. కలరా ఉండలు, కొన్నిరకాల మాత్రలు వీడి దగ్గరికి రానివ్వకండి. అంతే."

"అంతే అని తేలిగ్గా అంటున్నారు. వీడు అందరిలా పరుగెత్తుతాడా? అసలు... ఎన్నేళ్లుంటాడు? దాచకుండా చెప్పండి."

డాక్టరమ్మ నోరు తెరిచేలోగా తలుపు ధడేల్మంది. తాత చిందులు తొక్కుతూ వచ్చిపడ్డాడు.

"అమ్మాయ్, విన్నావా ఈ ఘోరం! నా రక్తం వద్దంట! కింద ఉన్న ఆ వేలెడంత పిల్ల, 'తాతగారూ, మీది పనికిరాదు, ఇంటికెళ్లండి' అంటుందా నన్ను! తలనొప్పి మాత్రయినా మింగి ఎరగని మనిషిని!"

కూతురి మొహం పాలిపోయింది. "అయ్యో, నాన్నకి కూడా ఏదైనా జబ్బా డాక్టర్ గారూ?"

డాక్టరమ్మ గబగబా కిందికి ఫోన్ చేసింది. విన్నది. విని, పకపకా నవ్వింది.

"మీవాడు ఎన్నేళ్లుంటాడని కదమ్మా అడిగారు? అదిగో, మంచం చుట్టూ చిందులేస్తున్నారు చూడండి మీ జవాబు. వీడికున్న లోపమే, పుట్టిన్నాటినుంచీ, ఆయనకీ ఉంది!"