మింగకూడని ఆట

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తన నాన్నలాగే తన బిడ్డ నాన్న కూడా తాగుబోతు అవుతాడేమోనని.

నాన్న తాగుడు వల్లే ఆమె చదువు ఏడో తరగతిలో అటకెక్కింది.

అందుకే ఆదివారం వస్తోందంటే గుండెల్లో రాయి పడేది.

ఆ రోజు ముందుగదిలో భర్త, అతని స్నేహితులు చేరేవారు. ఎవరింట్లో వాళ్లు రెండు మూడు రకాల విస్కీలు తోచిన పాళ్లలో కలిపి, దగ్గుమందు సీసాల్లో పోసుకొచ్చేవారు. ఎవరిది ఏ సీసానో చెప్పరు. వాసన చూసి, నాలుక మీద ఆడించి, కలిపిందెవరో కనిపెట్టాలి. అదీ ఆట.

"పొగ వాసన గుప్పుమంటోంది. ఇది మన టైలర్ బావదే!"

"నాదైతే నీ మొహానికి ఇంత మంచిది దొరుకుతుందా?"

ఆట పెట్టింది ఒక పెద్దాయన. ఏమిచ్చినా ముందు వాసన చూస్తాడని అందరూ ముక్కుబాబాయ్ అనేవారు. ఎవరికి బాబాయో, ఎక్కడివాడో ఆమెకు తెలియదు.

వస్తూనే "అమ్మా, ఆ స్టీలు గిన్నె ఇలా ఇవ్వు" అనేవాడు. రుచి చూసినవాళ్లంతా అందులోనే ఉమ్మాలి.

ఆ గిన్నె కడగడం ఆమె వంతు. భర్త నోట్లో ఆ వాసన తగిలితే చాలు, నాన్న కళ్లముందు నిలబడేవాడు.

"తాగడం ఒక దరిద్రం, ఉమ్మడం ఇంకో దరిద్రం!" అని ఒకనాడు భర్త మీద విరుచుకుపడింది. "తాగనని బిడ్డ మీద ఒట్టేశావు, గుర్తుందా?"

"నేనేం చెయ్యను? ముక్కుబాబాయ్ వదిలితేగా! నాకు మొహమాటం. నువ్వే చెప్పు, ఇక రావద్దని."

ఆమె నమ్మింది.

మళ్లీ ఆదివారం బిడ్డను చంకనేసుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పెద్దవారు, ఇది మీకు న్యాయమా? పచ్చటి సంసారంలో నిప్పులు పోస్తారా? ఇక మా గడప తొక్కకండి."

ఆయన ఆమె వెనకనున్న భర్త వైపు చూశాడు. నిజం చెబుతాడేమోనని కాసేపు అలాగే చూశాడు.

భర్త తల దించుకున్నాడు.

"సరేనమ్మా. బిడ్డ జాగ్రత్త," అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

పీడ విరగడైందనుకుంది.

ఆట టైలర్ కొట్టుకు మారింది. అక్కడ ఉమ్మమనేవాడు లేడు.

మొదట్లో భర్త ఆలస్యంగా వచ్చాడు. తర్వాత తూలుతూ వచ్చాడు. ఒకరోజు బిడ్డను ఎత్తుకోబోయి జారవిడిచాడు. మంచం మీద పడింది కాబట్టి సరిపోయింది.

మనవరాలిని చూడ్డానికి వచ్చిన అత్తగారు, పట్టపగలు సోయి లేకుండా పడున్న కొడుకును చూసింది. ఏమైందని అడగలేదు.

"ముక్కుబాబాయ్ రావడం లేదా?" అని అడిగింది.

"ఆయన మీకెలా తెలుసు అత్తయ్యా?"

"వీణ్ణి మనిషిని చేసింది ఆయనే కదే. పెళ్లికి ముందు రోడ్డు మీద పడుండేవాడు. ఆ వాసన లేకుండా బతకలేనంటే, 'వాసనే చూడు, మింగకు' అని ఈ ఆట పెట్టాడు. నీ కళ్లముందే ఆడించాడు."

"నాకెవరూ చెప్పలేదే!"

"చెబితే చేసుకునేదానివా?"

అందరూ కలిసి కళ్లకు గంతలు కట్టారు. కట్టినవాళ్లలో కట్టుకున్నవాడే ముందున్నాడు. కాపలా ఉన్న మనిషిని ఆమె నోటితోనే తరిమించాడు.

అత్తగారిని గుర్తులడిగి, బిడ్డనెత్తుకుని ఆయన అద్దె గదికి పరుగెత్తింది. తాళం వేసి ఉంది.

"ఖాళీ చేసేశాడమ్మా," అంది ఇంటావిడ. "ఎటు వెళ్తున్నాడో చెప్పలేదు. ఇన్నేళ్లలో ఆయన తాగగా ఎన్నడూ చూడలేదు గానీ, వెళ్లేరోజు మాత్రం మెట్ల మీద తూలాడు."

మీ వీధిలో ఒంటరి పెద్దాయన ఎవరైనా కొత్తగా దిగి ఉంటే, ఒక్కసారి తలుపు తట్టి ఎలా ఉన్నాడో చూడండి. ఆయనా ఒకప్పటి తాగుబోతే, ఆమె మొగుణ్ణి కాచినన్నాళ్లే తనను తాను కాచుకోగలిగాడు.