ఎవరి రిక్వెస్టు?

"అడిగినవారు ఎవరో తెలియలేదు" అని స్క్రీను మళ్లీ ఎర్ర అక్షరాల్లో చూపించింది. టీమ్ లీడర్ కీబోర్డును అవతలికి నెట్టేశాడు.

ఆఫీసులో సెలవు కావాలన్నా, సీటు మారాలన్నా, ఇంకేం కావాలన్నా అతని టీము చూసుకునే వెబ్‌సైట్లోనే రిక్వెస్టు పెట్టాలి. పదకొండు రోజులుగా పెట్టినవన్నీ మేనేజరుకు చేరకుండా మధ్యలోనే ఆగిపోతున్నాయి. అందులో లీడర్ సెలవు కూడా ఉంది. నాలుగు రోజుల్లో అక్క కూతురి పెళ్లి. మేనమామవి నువ్వే రాకపోతే ఎలారా అని అక్క పొద్దున్నే ఫోన్లో దులిపేసింది.

తప్పెక్కడుందో అతనికి తెలుసు. బటన్ నొక్కిన మనిషెవరో ముందు పేజీకి తెలుస్తుంది. లోపలెక్కడో మేనేజరుకు కబురు పంపే కోడుకు తెలియదు. మధ్యలో నలభై ఫైళ్లు. ఆ పేరును ఒకదాని చేతిలోంచి ఇంకోదాని చేతికి అందించుకుంటూ పోవాలి. మూడు రోజులుగా అదే పని. ఇక్కడ అతికిస్తే అక్కడ ఊడుతోంది. తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇన్ని చేతులు మార్చడమెందుకు సార్?" పక్క సీటు అమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఆ కోడు లోతుపాతులు తెలిసింది టీములో ఆమె ఒక్కతికే. "ఇప్పుడొచ్చిన రిక్వెస్టు ఎవరిదో ఆ పేరు ఒకేచోట పెట్టేద్దాం. ఏ మూలనున్న ఫైలైనా అక్కడే అడిగి తెలుసుకుంటుంది."

"ఒకరిది ఇంకొకరికి అంటుకుంటే? నా సెలవు ఇంకెవడో పట్టుకుపోతాడు."

"ఎవరిది వాళ్లకే విడిగా ఉంటుంది. పనవగానే చెరిగిపోతుంది."

ఆ రోజు ఆమె భోజనానికి కూడా లేవలేదు. లీడర్ విసుక్కుంటున్నంతసేపూ టైపు చేస్తూనే ఉంది. అతనికే సిగ్గేసింది.

"సెలవు నాది, తిప్పలు నీకు" అన్నాడు.

"పని సగంలో వదిలేసి వెళ్లడం నాకిష్టం ఉండదు సార్."

"నేను పెళ్లికి వెళ్తే ఇక్కడ నువ్వే దిక్కు."

ఆమె తలెత్తలేదు. "ముందు ఇది కానివ్వండి."

మూడు గంటలకు ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి. ఆగిపోయిన రిక్వెస్టులన్నీ వచ్చిన వరసలోనే కదిలాయి. లీడర్ ఊపిరి పీల్చుకుని అక్కకు ఫోన్ కలిపాడు. "వస్తున్నానక్కా. ఇక్కడ చూసుకోవడానికి మనిషుంది."

ఫోన్ పెట్టేలోపే మేనేజరు గదిలోంచి బయటికొచ్చాడు.

"నీ సెలవు కుదరదయ్యా" అన్నాడు. "అన్నిటికంటే ముందు నాకు చేరింది, పదకొండు రోజులుగా ఇరుక్కుపోయి ఉన్న నీ పక్క సీటు అమ్మాయి రాజీనామా."