ఏడో నంబరు చెట్టు

మరిడమ్మ మూడోసారీ పరీక్ష తప్పింది.

అందరూ పాల కోసం పదేసి రబ్బరు చెట్ల బెరడు గీసేసరికి ఆమె నాలుగే గీసింది. ఆ లెక్కన తోట మొత్తం గీసేలోగా మునిమనవల పెళ్ళిళ్ళు కూడా అయిపోతాయని కూలీల మీద పెత్తనం చేసే కంగాణి కూర్మయ్య తేల్చాడు.

కూర్మయ్య మలయాలోని ఈ తోటకు కిందటేడే వచ్చాడు. ఓడ దిగినవాళ్ళకు చెట్లు గీయడం నేర్పడం అతని పని. ఓడ దిగిన ప్రతివాళ్ళూ, తల నెరిసినా సరే, అతని లెక్కలో కొత్తవాళ్ళే.

నేర్పడమంటే, పొద్దున్నే అందర్నీ ఏడో నంబరు చెట్టు ముందు నిలబెట్టి దండం పెట్టించడం.

"సూడండర్రా! ఎనిమిదేళ్ళ కిందట గీసిన సెట్టు. బెరడు మల్లీ ఎంత నున్నగా వచ్చినాదో సూడండి. ఈగ వాలితే జారిపడి నడుం ఇరగ్గొట్టుకుంటాది!"

"ఎవులు గీసినారు కంగాణీ బాబూ?" అడిగింది నూకమ్మ.

"మడిసైతే కాదు," అన్నాడు కూర్మయ్య, చెంపలేసుకుంటూ.

మరిడమ్మ తల దించుకుంది.

"ఏటే మరిడీ, నీ సెట్టొగ్గేసి పక్కోల్ల సెట్టుకాడికి ఎందుకెల్తావు?"

"ఆల్ల సెయ్యి వణుకుతంది బాబూ. మణికట్టు పట్టుకుంటే ఆగుతాది."

"ముందు నువ్వు నేర్సుకో!"

మర్నాడు దొర వచ్చి అందరి గీతలూ స్వయంగా చూస్తాడు. కత్తి లోతుగా దిగి ఒక్క చెట్టు గాయపడినా, కూర్మయ్య మళ్ళీ గడ్డి పీకే గుంపులోకే.

అందుకే ఆ పొద్దున్నే, దొర రాకముందే, మరిడమ్మను క్వాలా సెలంగోర్ వైపు వెళ్ళే ఎద్దుబండి ఎక్కించేశాడు.

"అక్కడ తోటలో గడ్డి పీక్కో. పో!"

మరిడమ్మ తన కత్తి నూకమ్మ చేతిలో పెట్టి, చెవిలో ఏదో చెప్పి వెళ్ళిపోయింది.

దొర వచ్చాడు. ప్రతి చెట్టుకూ ముక్కు ఆనించి మరీ చూశాడు. ఒక్క గాయం లేదు.

"ఎవరు నేర్పింది?" అన్నాడు తనకొచ్చిన అరవంలో.

కూర్మయ్య ఛాతీ ఎంత ఉబ్బిందంటే, చొక్కాకున్న రెండు బొత్తాలూ ప్రాణభయంతో పారిపోయాయి.

ఇంతలో నూకమ్మ కత్తి పట్టుకుని ముందుకొచ్చింది. గడ్డం ఎత్తి మరీ చెప్పింది.

"మా మరిడమ్మప్ప నేర్పినాది దొరా. మా అందరిదీ ఆవిడ సెయ్యే!"

"పరీచ్చ తప్పినదాయి నేర్పడమేటే?" కూర్మయ్య పళ్ళు నూరాడు.

"నెగ్గితే ఏరే సెట్ల వరసకి పంపేత్తారు గదా బాబూ. మా సెయ్యి కుదిరేదాకా తప్పుతానే ఉన్నాది."

కూర్మయ్య దారి వంక చూశాడు. బండి లేపిన దుమ్ము కూడా అణిగిపోయింది.

ఏం చేయాలో తోచక ఏడో నంబరు చెట్టు వైపు తిరిగి, అలవాటుగా చేతులు జోడించాడు.

నూకమ్మ పక్కకొచ్చి మెల్లగా అంది:

"మునుపు ఇక్కడ పన్జేసినప్పుడు, ఊరెల్లకముందు, అదీ ఆవిడ గీసిన సెట్టే బాబూ, మీరు రోజూ దండం పెడతంటే సిగ్గుపడి మీకు సెప్పనేదు."