మిర్చి కల్లంలో ఫోన్

మిర్చి కల్లానికి యలమంద ఒక్కడే కాపలా. మంచు పడుతోందని ఎండుకాయల మీద పరదా లాగుతుంటే ఫోన్ మోగింది. మళ్ళీ ఆ లోన్ల అమ్మాయే. ఈ ఫోన్లకు వేళాపాళా ఉండదు.

"పొలం తనఖా పెడితే చాలు సార్..."

"వద్దని పొద్దున్నే చెప్పాను గదమ్మా! అసలెక్కడి నుంచి నువ్వు?"

పరదా విసురుకు ఘాటు లేచింది.

"హైదరాబాద్ ఆఫీసండి," అంటూనే ఆ అమ్మాయి తుమ్మింది.

యలమందకు అనుమానం వచ్చింది. పరదా అంచెత్తి, కాయల్ని కాలితో గట్టిగా కలియబెట్టాడు. ఫోన్‌లో ఆమె ఉక్కిరిబిక్కిరిగా దగ్గింది.

వెంటనే ఫోన్ కట్ చేశాడు. కల్లమంతా నిశ్శబ్దం.

"మెల్లగా కదపండి సార్," అంది అదే గొంతు, పరదా కింద నుంచి. "ఇక్కడ ఊపిరాడట్లేదు."