పక్కా ఇళ్ళ ఊరు

"అన్నీ పక్కా అని నువ్వే కదా చెప్పావ్ నానమ్మా!"

"పక్కా ఏటే? పాకలన్నాన్నేను! పాక! తాటాకు పాక!" గున్నమ్మ నోట్లోంచి చుట్ట తీసి మరీ అరిచింది.

కుముదినికి అప్పుడు గుర్తొచ్చింది. నిన్న ఆ చుట్ట నోట్లో ఉండగానే కదా నానమ్మ ఆ మాట చెప్పింది! నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే మనిషి మాట సగం పొగలోనే కలిసిపోతుంది. మిగిలిన సగం, భిలాయిలో పుట్టి లెక్కలు కూడా హిందీలోనే వేసుకునే మనవరాలి చెవిలో పడింది. ఇంకేముంది, పాక కాస్తా పక్కా అయి కూర్చుంది.

తుపాను తీరం దాటి అది మూడో రోజు. శ్రీకాకుళం వైపు, సముద్రం ఒడ్డున ఉన్న గెడ్డపేటలో గున్నమ్మ చెల్లెలు పోలమ్మ ఉంది. ఫోను కలవడం లేదు. భిలాయి క్యాంప్ వన్ బస్తీలో, ఈ రెండు గదుల ఇంట్లో కూర్చుని ఏడవడం తప్ప ఏం చేయగలమని నానమ్మ అంటే, కుముదిని ఊరుకోలేక కంప్యూటర్లో మ్యాపులు గీసే వాలంటీర్లతో చేరింది. ఉపగ్రహం తీసిన ఫోటో చూసి ఇళ్ళూ దారులూ గుర్తుపెట్టడం వాళ్ళ పని. సాయం పట్టుకెళ్ళే లారీలు ఆ మ్యాపు చూసుకునే బయల్దేరతాయి. గెడ్డపేట ఫోటో పాతది. నలభై ఒక్క ఇళ్ళు గళ్ళలా మసకమసగ్గా కనిపించాయి గాని, కప్పులు ఎలాంటివో తెలియలేదు. పోయిన వేసవిలోనే అక్కడికి వెళ్ళొచ్చిన నానమ్మను అడిగింది. అన్నిటికీ 'పక్కా' అని రాసి, పెద్ద ఘనకార్యం చేసినట్టు నిద్ర కూడా పోయింది.

"పక్కా అని రాస్తే ఏటయిపోతాదే?"

"పక్కా మకాన్ అంటే సబ్ సేఫ్ అనుకుంటారు నానమ్మా! ముందు పాకలున్న ఊళ్ళకే పోతారు. మన ఊరికి ఎవరూ రారు."

గున్నమ్మ చేతిలో చుట్ట కిందపడింది. "ఓలమ్మా! నా నోటితో నేనే దాని నోట్లో మట్టి కొట్టీసానేటే?"

హైదరాబాదులో కూర్చుని ఈ వాలంటీర్లను నడిపిస్తున్న త్రినాథరావుకు కుముదిని ఫోన్ చేసింది. నాలుగోసారికి కలిసింది.

"సార్, గలతీ హోగయీ. గెడ్డపేటలో అవి పక్కా ఇళ్ళు కాదు. పాకలు!"

"నలభై ఒక్కటీనా?"

"అన్నీ సార్. జల్దీ మార్చాలి."

"పొద్దున్న లారీలు పాత లిస్టుతోనే వెళ్ళిపోయాయమ్మా. మీరు మ్యాపు దిద్దండి. మధ్యాహ్నం లారీల లిస్టన్నా మారుస్తాను." లైను తెగిపోయింది.

కుముదిని కంప్యూటర్ ముందు కూర్చుంది. నెట్ డాంగిల్ మీద దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటే ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఒక్కొక్క గడినీ దిద్దుతోంది. అక్షరం ముక్క రాని గున్నమ్మ వెనక నిలబడి, తెర మీద వేలు పెట్టింది.

"ఈ చివర్ది పోలమ్మది. గెడ్డ పక్కనే ఉన్నాది, గెడ్డ పొంగితే నీరు ముందు దాని పాకలోకే. దాన్ని ముందు మార్చే తల్లీ."

"మార్చాను నానమ్మా."

"ఇంకోపాలి సూడు."

మళ్ళీ చూసింది. నలభై ఒకటీ పాకలయ్యేసరికి పన్నెండు దాటింది. నాన్న స్టీలు ప్లాంటులో ఫస్ట్ షిఫ్ట్‌కు కట్టుకెళ్ళగా మిగిలిన అన్నం గిన్నెలో అలాగే ఉంది. ఇద్దరూ ముట్టలేదు. అక్కడ చిన్ననానమ్మ రెండు రోజులుగా ఏం తింటోందో, అసలు ఉందో లేదో!

సెల్ మోగింది. త్రినాథరావు మెసేజ్. 'మార్చేశాం. మధ్యాహ్నం లారీలు కొత్త లిస్టు ప్రకారమే వెళ్తాయి.'

"హమ్మయ్య" అంది కుముదిని. నానమ్మ ముఖం కూడా కాస్త తేటపడింది.

అంతలోనే ఎవరిదో తెలియని నంబరు. స్పీకర్ నొక్కగానే గాలి హోరు.

"ఓలప్పా! నేనే, పోలమ్మని!"

"బతికున్నావేటే!" గున్నమ్మ భోరుమంది.

"పాకలన్నీ ఎగిరిపోనాయప్పా. మనుషులం మిగిలినాం. పొద్దున లారీ ఒచ్చినాది, కడుపునిండా గంజి పోసినారు. ఆ డ్రైవరు ఫోన్లోంచే మాటాడతన్నాను."

కుముదిని ముందుకు వంగింది. "మన ఊరికి లారీ వచ్చిందా చిన్ననానమ్మా? ఎలా వచ్చింది?"

"అదే ఇసిత్రం తల్లీ! నాలుగూళ్ళోళ్ళని ఒక్కకాడ ఉంచి వండి పెట్టడానికి పక్కా ఇళ్ళున్న ఊరు కావాలట. మేపులో మన పేట అంతా పక్కా అని ఉన్నాదట! సరుకేసుకుని తిన్నగా ఇక్కడికే ఒచ్చీసినారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని నవ్వినారుగాని, మా మొకాలు సూసి దించీసినారు. పాకల ఊళ్ళకి ఎల్లుండి గాని రారట."

కుముదిని తల తిప్పి, తెర మీద తను దిద్దిన నలభై ఒక్క పాకల వైపు చూసింది.

"ఈ డ్రైవరు మంచోడు, ఇయి పాకలని ఎవులికీ సెప్పనన్నాడు. నీ మనవరాలికి కంపూటర్లు తెలుసుగదా అప్పా, ఆ మాట రాసిన మారాజెవులోగాని, దిద్దొద్దని సెప్పించవే. మధ్యాన్నం బియ్యం లారీ రావాల!"