దొర బరువు

పదమూడో మెట్టు దగ్గర కళ్ళజోళ్ళాయన కూలబడ్డాడు. భుజం మీది పాత పుస్తకాల మూట ఒక పక్కకి ఒరిగింది. పైన, రెండో అంతస్తు గుమ్మంలో చక్రాల కుర్చీలో కూర్చున్న కొడుకు లెక్క చెప్పాడు.

"పదమూడు. నిన్న పద్నాలుగు. రోజురోజుకీ దిగజారిపోతున్నావు నాన్నా."

"నీకేంరా, దొరవి. కూర్చుని ఎన్నైనా చెబుతావు," అన్నాడాయన, ఊపిరి అందాక.

ఆ కుర్రాడికి పదిహేడేళ్ళు. పుట్టినప్పటి నుంచీ కాళ్ళు పనిచెయ్యవు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాలగదిలోకి ఎవరో ఒకరు ఎత్తాలి. అంత దర్జాగా బతుకుతాడు కాబట్టి ఇంట్లో అతని పేరు దొర. ఆ ఎవరో ఒకరు ఇన్నేళ్ళూ వాళ్ళమ్మే. కళ్ళజోళ్ళాయన పొద్దున్నే తన కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళి, స్టూలు మీద కూర్చుని అద్దాలు అరగదీసి, పొద్దుపోయాక బొజ్జ నిమురుకుంటూ ఇంటికొచ్చేవాడు. కొడుకంటే ప్రాణమే. ఎత్తమంటే మాత్రం నడుం పట్టేసేది.

ఈ మెట్ల తిప్పలు చలికాలం మొదట్లో వచ్చిపడ్డాయి. నలభై అయిదు దాటిన భార్యాభర్తలకి పరీక్షలన్నీ ఒకేరోజు చేస్తారంటే ఇద్దరూ వెళ్ళారు. రిపోర్టులకి మాత్రం ఆవిడొక్కతే వెళ్ళింది. ఆయనకి ఆస్పత్రి కాగితమంటే చచ్చేంత భయం. ఆవిడ చదివి చెబితే వింటాడు, చెప్పకపోతే ఇంకా సంతోషం. ఆ సాయంత్రం ఆవిడ వంటింట్లోంచి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, ఆయన ఒంట్లో కొవ్వు పేరుకుపోయిందన్నారనీ, కండ అన్నది లేదన్నారనీ, ఇలాగే కూర్చుంటే ఎక్కువ కాలం బతకడం కష్టమన్నారనీ చెప్పింది.

"మరి నీకో?" అనడిగాడాయన, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. వేసవి వచ్చేలోపు మీరు దొరని ఎత్తుకుని ఈ మెట్లెక్కాలి."

ఆ మర్నాటి నుంచి వేపుళ్ళు బంద్. తెల్లవారుజామున నడక, ఆపైన పుస్తకాల మూట మోస్తూ మెట్లెక్కడం. నెల తిరిగేసరికి ఆ మూట పోయి, చేతుల్లోకి సాక్షాత్తూ దొరే వచ్చాడు. నడుం కాదు, మోకాళ్ళు వంచి ఎత్తాలని, ఒక చెయ్యి వీపు కింద, ఒకటి తొడల కింద వెయ్యాలని ఆవిడ పక్కనే నిలబడి నేర్పింది. కాళ్ళకి నూనె ఎలా రాయాలో, నిద్రలో ఎప్పుడు ఒత్తిగిలించాలో, ఏ మాత్ర తిన్నాక వెయ్యాలో, ఏది తినకముందు వెయ్యాలో కూడా నేర్పింది. ఇదంతా కసరత్తు కిందికి ఎలా వస్తుందని ఆయన గొణిగాడు. చేతులకి బలం వస్తుందని ఆవిడ కొట్టిపారేసింది.

ఆయన ఉడకబెట్టిన కూరలు తింటుంటే ఆవిడా అవే తినేది. తమాషా ఏమిటంటే, ఆయనకంటే ఆవిడే ముందు చిక్కింది. జాకెట్లు రెండుసార్లు బిగించి కుట్టుకుంది. పక్కింటావిడ ఇద్దర్నీ కొత్త పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ అని ఆటపట్టించింది. కష్టం తనది, ఫలితం ఆవిడదీ అని ఆయన కాస్త కుళ్ళుకున్నాడు కూడా. ఇంటిపని సగం ఆయనే చేస్తుండటంతో ఆవిడ మధ్యాహ్నాలు పడుకోవడం మొదలెట్టింది. తనవల్ల భార్యకి ఇన్నేళ్ళకి ఇంత సుఖం దొరికిందని ఆయన పొంగిపోయాడు.

అయినా లోపల భయం భయంగానే ఉండేది. ఒకరోజు కొడుకు కాళ్ళకి నూనె రాసి లేచి, బాల్కనీలో బట్టలు తీస్తున్న భార్య దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆ సన్నటి కాళ్ళు చేతిలోకి తీసుకునేదాకా ఆయనకి తెలియలేదు, వాడు ఎంత తమ మీద ఆధారపడి ఉన్నాడో.

"నేను పోతే వాణ్ణి ఎలా చూసుకుంటావే?" అన్నాడు. ఏడుపొచ్చేసింది.

ఆవిడ చేతిలోని బట్టలు జారిపోయాయి. ఆయన చెయ్యి పట్టుకుని ఆవిడా ఏడ్చింది. ఆయనకంటే ఎక్కువే ఏడ్చింది. తన మీద ఇంత ప్రేమ ఉందా అని ఆయన మనసు కరిగిపోయింది.

"మీరు పోకూడదు," అంది ఆవిడ చివరికి. "వాడికి ఒక్కరైనా ఉండాలి కదండీ."

అయిదో నెలలో, ఎండలు ఇంకా ముదరకముందే, ఆయన దొరని ఎత్తుకుని ముప్ఫై నాలుగు మెట్లూ ఆగకుండా ఎక్కేశాడు. ముప్ఫై దగ్గర కొడుకు లెక్క తప్పాడు. కుర్చీలో కూర్చోబెట్టి కిందికి చూస్తే, ఆవిడ మొదటి మెట్టు మీదే కూలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఆయన గబగబా దిగి వెళ్ళాడు.

"ఇక నాకు దిగులు లేదు," అంది.

"నిన్ను కూడా ఎత్తుకోనా?"

"ఆ రోజూ వస్తుందిలెండి," అని నవ్వి, ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా పైకి ఎక్కింది. రెండు చోట్ల ఆగింది.

మర్నాడు ఆయన భార్యకి చెప్పకుండా ఆస్పత్రికి వెళ్ళాడు. జీవితంలో మొదటిసారి ధైర్యం చేసి తన రిపోర్టు తనే విని, ఇంటికెళ్ళి ఆవిడకి చెప్పాలని ఆయన సరదా. డాక్టరు ఎదుట ఛాతీ విరుచుకుని కూర్చుని, తను ఇంకెన్నాళ్ళు బతుకుతానో దాచకుండా చెప్పమన్నాడు.

డాక్టరు పాత కాగితాలు ఒకసారి తిరగేసి, మళ్ళీ మొదటికొచ్చాడు.

"మీకేమైందండీ? అప్పుడూ ఏమీ లేదే. కాస్త పొట్ట తగ్గించుకోమన్నాను, అంతే."

"మరి మా ఆవిడతో మీరు..."

డాక్టరు రెండో కాగితం తీసి ఆయన ముందుకి జరిపాడు.

"నేను ఆర్నెల్లే గడువని చెప్పింది ఆవిడ గురించండీ."